గుఱ్ఱములకు ఉన్ని కంబళ్ళు: ఎప్పుడు కప్పవలెను, ఎట్లు కప్పవలెను

(బాచుపల్లి పరిసరముల రైతుల కొఱకు వ్రాయబడిన ఉపన్యాసము)



కార్తికమాసము దాటి చలిగాలి సోకినంతనే గుఱ్ఱము గల ప్రతి యింటను ఒక ప్రశ్న పుట్టుచుండును. దానికి కంబళి కప్పవలెనా, వలదా? మనుష్యునకు చలి వేయుచుండగా గుఱ్ఱమునకు మాత్రము వేయదా యని తలచి, దొరకిన వానిలో మిక్కిలి మందమైన కంబళిని తెచ్చి, పొట్టపట్టీ బిగించి, మాఘము వెళ్ళు వఱకు దానిని తీయని వారు కొందఱు కలరు. గుఱ్ఱము పశువే కదా, దానికి కప్పుడేమిటని, అర్ధరాత్రి చెమటతో తడిసి వచ్చిన దానిని అట్లే గుంజకు కట్టి పండుకొనపోవు వారు మఱికొందఱు. మొదటివారిది దయ వలన కలిగిన పొరపాటు, రెండవవారిది అలసట వలన కలిగినది. నష్టము మాత్రము రెండింటను గుఱ్ఱమునకే.

ఈ నేలయందు ఉన్ని కంబళి తడికిని గాలికిని విరుగుడు. అది చలికాలపు నిత్యవస్త్రము కాదు. ఈ భేదము తెలిసిన రైతు ఏడాదిలో కంబళిని వాడు దినములు స్వల్పమే యైనను, ఆ దినములందు దాని వలన గొప్ప మేలు పొందును.

బాచుపల్లి సంగతి మొదట చెప్పవలెను. ఒకప్పుడు ఇది హైదరాబాదునకు వాయవ్యమున నున్న చిన్న పల్లె. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసిన పిదప నగరము ఈ దిక్కునకు పరుగిడినది. 2016లో బాచుపల్లి మండలకేంద్రమయినది. 2019లో నిజాంపేట, ప్రగతినగరములతో గూడి నగరపాలక సంస్థలో చేరినది. పొలములు తఱిగి మేడలు పెరిగినవి. అయినను కొంత భూమి నిలుపుకొన్న కుటుంబములు చుట్టుప్రక్కల ఇంకను కలవు. అట్టివారిలో కొందఱు పెండ్లి ఊరేగింపులకై ఆడగుఱ్ఱములను పెంచుదురు. కొందఱు స్వారి నేర్చుకొను పట్టణవాసుల గుఱ్ఱములను తమ కొట్టములయందుంచి మేపుదురు. మఱికొందఱు ముచ్చటకై ఒకటి రెండు మార్వాడీ గుఱ్ఱములను కట్టుకొందురు. తాతల నాటి గుఱ్ఱము ఊరి బాటలందు రైతును మోసెడిది. నేటి గుఱ్ఱము విద్యుద్దీపముల నడుమ బ్యాండు మ్రోతలో రాత్రివేళ నిలువబడవలసి యున్నది. పని మారినది గావున కప్పుడును దానికి తగినట్లు మారవలెను.

ఈ ప్రాంతపు చలి ఎంతటిదో చూతము. హైదరాబాదు నగరమున నమోదయిన మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8వ తేదీనాటి 6.1 సెంటీగ్రేడు డిగ్రీలు. సామాన్యముగా పుష్యమాసపు రాత్రులందు పదునాలుగు, పదునైదు డిగ్రీలుండును. నగరమునకు వెలుపలి బయళ్ళలో కొన్ని రాత్రులు పదింటికి లోపుగా దిగుట కద్దు. గుఱ్ఱపు శరీరమో, చలిదేశములకు అలవాటు పడనిదైనను, పొడిగా నుండి, కడుపునిండ మేత తిని, గాలి తగులని చోట నున్నచో సుమారు 5 డిగ్రీల వఱకు ప్రత్యేక శ్రమ లేకయే తన వేడిని నిలుపుకొనగలదని పశువైద్యశాస్త్రము నిర్ణయించినది. మంచు కురియు దేశముల గుఱ్ఱములు అలవాటు పడిన పిమ్మట సున్నకు దిగువ పదునైదు డిగ్రీల వఱకు ఓర్చుకొనును. కావున రైతు రెండు దుప్పట్లు కప్పుకొని ముడుచుకొన్న రాత్రి, ప్రక్క కొట్టములోని గుఱ్ఱము హాయిగా నిలుచుండి నెమ్మదిగా గడ్డి కొఱుకుచుండుటలో వింత యేమియు లేదు.

గుఱ్ఱమునకు దేవుడిచ్చిన కంబళి దాని రోమములే. పగటిపొద్దు కుఱుచగుటను బట్టి ఆ రోమములు పెరుగును. ఈ ప్రాంతమున ఎండకాలపు పొడుగు పగటికిని చలికాలపు పొట్టి పగటికిని భేదము రెండు గంటలే యగుటచే రోమము ఉత్తరదేశములందువలె దట్టముగా పెరుగదు; పెరిగినంత ఈ చలికి చాలును. చలి సోకినప్పుడు రోమములు నిక్కబొడుచుకొని వాని నడుమ గాలిని పట్టి నిలుపును. ఆ గాలియే వెచ్చదనము. బరువైన కంబళిని పైన వేసినచో రోమములు అణగిపోయి గాలి వెడలిపోవును. పలుచని కంబళిని ఊరక వేయుట వలన కొన్ని వేళల గుఱ్ఱమునకు కప్పు లేనప్పటి కంటె ఎక్కువ చలి కలుగుటకు ఇదియే కారణము.

రెండవ కుంపటి కడుపులో నున్నది. గడ్డి గుఱ్ఱపు పెద్దప్రేగులలో పులిసి అరుగునప్పుడు వేడి పుట్టును. ఉలవలు, దాణా బలమునిచ్చునే గాని అంతసేపు వేడినీయవు. నాలుగువందల కిలోల బరువు గల గుఱ్ఱమునకు దినమునకు ఆఱు మొదలు ఎనిమిది కిలోల ఎండుమేత కావలెను. చలి హెచ్చుగా నున్న రాత్రి రెండవ కంబళి కొనుట కంటె మఱొక మోపు ఎండుగడ్డి ముందు వేయుట చౌక, మేలు. చలిదినములందు గుఱ్ఱము నీరు తక్కువ త్రాగును. ఎండుగడ్డి ఎక్కువై నీరు తక్కువైనచో కడుపునొప్పి వచ్చును గావున, చల్లని తొట్టినీటికి మాఱుగా గోరువెచ్చని నీటిని సాయంకాలము పెట్టుట మంచి అలవాటు.

ఇట్లనుటచే కంబళి అనవసరమని అర్థము కాదు. కొన్ని గుఱ్ఱములకు చలిరాత్రులందది కావలసినదే. రోమములు యంత్రముతో కత్తిరింపబడినవి, ముసలివి, ఎముకలు కనబడునంతగా చిక్కినవి, జ్వరము నుండి లేచినవి, పుట్టి కొన్ని దినములైన పిల్లలు, వేడిప్రాంతము నుండి పుష్యమాసమున క్రొత్తగా వచ్చినవి: ఇవి తమ వేడిని తాము నిలుపుకొనలేవు. మలక్‌పేటలో 1886లో పందెములు మొదలైనవి. అచ్చటి పందెపు గుఱ్ఱములు పలుచని చర్మమును, కుఱుచ రోమమును గలవి. వానికి కప్పుట పరిపాటి. ఆ పరిపాటి ఇంగ్లండు పందెపు లాయముల నుండి వచ్చినది. దానిని చూచి పల్లెటూరి రైతు తన దిట్టమైన నాటుగుఱ్ఱమునకు అట్లే చేయుట, పట్టణపు వైద్యుడు రోగికి వ్రాసిన మందును ఆరోగ్యవంతుడు మ్రింగుట వంటిది.

ఇక అసలు శత్రువు ముసురు. ఆషాఢ శ్రావణములందు రెండు మూడు దినములు వదలక తుంపర పడుచు, పడమటి గాలి వీచుచుండును. ఉష్ణోగ్రత ఇరువది రెండు డిగ్రీలున్నను, తడిసిన రోమములు చర్మమునకంటుకొని గాలిని నిలుపలేవు. గాలి తడిని ఆర్చుచు, దానితోపాటు శరీరపు వేడిని లాగికొనిపోవును. పొడిగానున్న గుఱ్ఱము జనవరి రాత్రి వణకదు. తడిసి గాలికి నిలిచిన గుఱ్ఱము ఆగస్టు పగలే వణకవచ్చును. దీనికి మొదటి మందు కప్పు కాదు, చూరు. పడమట గోడయో, తాటాకుల తడికయో గల కొట్టము వేయని రైతు కంబళికి డబ్బు పెట్టుట దండుగ. బయట వానలో నిలుచు గుఱ్ఱముపై ఉన్ని కంబళి వేయరాదు. కొంతసేపటికి అది నీరు పీల్చి మణుగు బరువై వ్రేలాడుచు, లోపలి చర్మమును నానబెట్టును. నానిన చర్మముపై డెర్మటోఫిలస్ అను సూక్ష్మజీవి చేరి, రోమములు పాయలుపాయలుగా పక్కు కట్టి ఊడును. వానకు నీరు దిగని కప్పు కావలెను. ఉన్ని వలసినది వాన నుండి లోపలికి తెచ్చి తుడిచిన పిమ్మట.

పెండ్లి గుఱ్ఱముల విషయము ఇచ్చట విపులముగా చెప్పవలసియున్నది. మార్గశిరమందును మాఘమందును లగ్నములు మెండు. నడుమ నుండు పుష్యము శూన్యమాసమగుటచే హిందువుల యిండ్లలో పెండ్లిండ్లు లేవు. బారాతు సాయంకాలము బయలుదేరును. ఆడగుఱ్ఱమునకు జరీ కుట్టిన మఖమలు గుడ్డ కప్పుదురు, పైన జీను, దానిపై వరుడు, కొన్ని వేళల వానితో ఒక బాలుడు. బ్యాండు మ్రోత, టపాకాయలు, దీపములు, జనసమ్మర్దము. నడచునది కొంచెమే యైనను భయము వలన గుఱ్ఱము చెమర్చును. మఖమలు చెమటను బయటికి పోనీయదు. రాత్రి పదకొండు గంటలకు వరుడు దిగును. గుడ్డ తీసివేయుదురు. అంతవఱకు ఉడికిన గుఱ్ఱము తడిసిన ఒంటితో ఎనిమిది, పది కిలోమీటర్లు తెఱపి బాటను చలిగాలిలో ఇంటికి నడచును. తోలువాడు మాత్రము శాలువ కప్పుకొని యుండును. మఱునాడు ఉదయము ఆ గుఱ్ఱము కాళ్ళు బిగిసి నిలుచుండును, దాణాను మూచూచి వదలును, వీపు ముట్టనీయదు. దిష్టి తగిలినదని మిరపకాయలు తిప్పుదురు. దిష్టి కాదు, చెమట ఆరకమునుపే వేడి కండరములు చల్లగాలికి చల్లబడినవి.

ఇట్టి గుఱ్ఱముతో కూడ ఒక గొంగడి పోవలెను. వరుడు దిగినంతనే మఖమలు తీసి, పొడి గోనెపట్టతోగాని గడ్డిచుట్టతోగాని మెడ, వీపు, డొక్కలు, తొడల సందులు రుద్దవలెను. డొక్క ఎగయుటను లెక్కింపవలెను. విశ్రాంతిగా నున్న గుఱ్ఱము నిమిషమునకు ఎనిమిది మొదలు పదునాఱు మారులు ఊపిరి పీల్చును. అంతకు చాల మించి ఎగయుచున్నంత సేపు కప్పరాదు. పదిపదునైదు నిమిషములు మెల్లగా చేతితో నడిపింపవలెను. ఊపిరి కుదుటపడి, ఒడలింకను తేమగా నున్నప్పుడు గొంగడి వేయవలెను. దాని అడుగున వీపుపై పొడి వరిగడ్డిని పలుచగా పఱచి, దానిపై గొంగడి కప్పి కట్టుట పూర్వపు సైసులు ఎఱిగిన ఉపాయము. గడ్డి వలన కంబళి చర్మమునకంటుకొనదు, నడుమ గాలి ఆడును, ఆవిరి పైకి పోవును. ఈ పద్ధతి నేటికిని దీనికంటె చౌకయైనది దొరకనంత మంచిది. దారిలో గడ్డి నిలువదు గావున వట్టి గొంగడితో నడిపించి, ఇల్లు చేరిన పిమ్మట గడ్డి పఱచవచ్చును.

అరగంట గడచిన పిదప గొంగడి పైభాగమును చేతితో తడవి చూడవలెను. పైన మంచుబిందువులవలె తేమ కనబడినచో అది మంచి గుర్తు. చర్మమును వదలి చెమట ఉన్ని దాటి వచ్చినది. అప్పుడా కంబళిని తీసి, గడ్డి దులిపి, ఒడలు పొడిగా నున్నదేమో చూడవలెను. పొడిగా నున్నచో ఇక కప్పనవసరము లేదు. కంబళి కప్పుట కంటె తీయుట మఱచువారే ఎక్కువ. కొన్ని గుఱ్ఱములు ఆరిన గంటకు మరల చెమర్చును. భయపడిన గుఱ్ఱములందు ఇది తఱచు. కావున పండుకొనబోవు ముందు ఒకమారు దీపముతో పోయి చెవుల వెనుకను డొక్కలను ముట్టి చూడవలెను.

ఇదే పద్ధతిని వైశాఖ జ్యేష్ఠముల పెండ్లిండ్లలో అనుసరించిన గుఱ్ఱము చచ్చును. ఈ మాట మెత్తగా చెప్పదగినది కాదు. రాత్రి పదింటికిని ముప్పది డిగ్రీలు దాటి యుండు దినములందు చెమర్చిన గుఱ్ఱమునకు కావలసినది చల్లని నీరు, గాలి. వేడిగానున్న కండరములపై చన్నీరు పోసిన పట్టుకొనిపోవునని పెద్దలు భయపడెడివారు. 1996లో అమెరికాలోని అట్లాంటా నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకు ముందు, అచ్చటి ఉక్కను తలచి పండితులు పరిశోధనలు చేసి, చల్లనీటిని ధారాళముగా పోయుట వలన హాని లేదనియు, అదియే వేగముగా వేడిని దించుననియు తేల్చిరి. ఒడలంతయు నీరు పోయుచుండవలెను, గాలి తగులుచోట నడిపించుచుండవలెను, త్రాగుటకు నీరీయవలెను. శివరాత్రికి చలి శివశివా యనుచు పోవునని మన వాడుక. అప్పటితో ఉన్ని కంబళి చెమటగుఱ్ఱమునకు పనికిరాదని రైతు గుర్తుంచుకొనవలెను. లారీలో గుఱ్ఱములను తరలించునప్పుడును ఇంతే. మూసిన లారీలో నాలుగు గుఱ్ఱముల ఊపిరి వేడియే చాలును. పైన కంబళి వేసినచో గమ్యము చేరునప్పటికి స్నానము చేసినట్లుండును. ఈగలకును దోమలకును ఉన్ని కప్పు వేయువారున్నారు. అందులకు పలుచని నూలుగుడ్డ తగును గాని ఉన్ని తగదు.

ఉన్నియే ఎందుకు కావలెనని అడుగవచ్చును. అంగడులలో విదేశపు తీరున కృత్రిమపు నూలుతో చేసిన దూదికప్పులు దొరకుచున్నవి. తేలిక, ఉదుకుట సులభము. అయితే ఉన్నిపోగు తన బరువులో సుమారు మూడవవంతు తేమను తనలో దాచుకొనియు ముట్టినప్పుడు తడిగా తోపదు. తేమను పీల్చునప్పుడు కొంత వేడిని గూడ విడుచును. పోగులు ముడుతలు ముడుతలుగా నుండుటచే గాలి నిలుచును. తడిసిన నూలు దుప్పటి చర్మమునకంటుకొని చల్లబఱచును. తడిసిన ఉన్ని అట్లు చేయదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఈజిప్టు, పాలస్తీనా రంగములందు హైదరాబాదు లాన్సర్లు పదునైదవ అశ్వదళ బ్రిగేడులో నుండిరి. నాటి బ్రిటిషు అశ్వసైన్యములందు జీను క్రింద మడచి వేసిన ఉన్ని కంబళియే రాత్రి గుఱ్ఱపు కప్పుగా పనికివచ్చెడిది. ఒకే గుడ్డ రెండు పనులకు. చెమట పీల్చిన మడతను లోపలికి త్రిప్పి పొడిమడతను చర్మము వైపు పెట్టుట ఆ సౌకర్యములో నొక భాగము.

తెలంగాణమున దీనికై దూరము పోనక్కరలేదు. కురుమలు కాచు దక్కనీ గొఱ్ఱెల నల్ల ఉన్నితో నేసిన గొంగడి యున్నది. ఏటికి రెండు మారులు ఉన్ని కత్తిరింతురు. స్త్రీలు వడకుదురు, పురుషులు గుంటమగ్గముపై నేయుదురు, చింతగింజల గంజి పట్టింతురు. గొఱ్ఱెలకాపరి తుంపరలో దానిని కొప్పెర వేసికొని దినమంతయు మందవెంట నిలుచుట చూచినవారికి దాని గుణము వేఱుగా చెప్పనక్కరలేదు. ఉన్నియందు మిగిలిన సహజపు జిడ్డు చిన్న తుంపరను జాఱవిడుచును. మాంసమునకై ఉన్నిలేని నెల్లూరు జాతి గొఱ్ఱెలు హెచ్చుటచే దక్కనీ మందలు తగ్గినవి, నేయువారును తగ్గినారు. గుఱ్ఱములు గల రైతులు తమ వలసిన కొలతలకు గొంగళ్ళు నేయించుకొన్నచో ఉభయులకును లాభము. మనిషికి నేసిన గొంగడి చిన్న నాటుగుఱ్ఱమునకు సరిపోవును గాని పెద్ద గుఱ్ఱమునకు చాలదు.

కొలత ఎదుర్రొమ్ము నడుమ నుండి డొక్క వెంబడి పిఱ్ఱ చివర వఱకు తీయవలెను. క్రిందికి మోచేయి మఱుగుపడునంత దిగవలెను. మోకాలి దాక వ్రేలాడరాదు, కాలు తగులుకొనును. రెండు గొంగళ్ళను కలిపి కుట్టవలసి వచ్చినచో కుట్టు వెన్నెముకపై పడరాదు. క్రొత్త గొంగడి గంజితో బిరుసుగా నుండి మూపుమీది రోమములను ఒరయును. చన్నీట నానబెట్టి, మెలిపెట్టి పిండక, నీరోడ్చి నీడగాలిని ఆరవేసినచో గంజి కొంత వదలి మెత్తబడును. పలుచని చర్మము గల పందెపుజాతి గుఱ్ఱములకు ముదుక ఉన్ని దురద పుట్టించును. పాత నూలు పంచెను మూపు, భుజముల తావున లోపల కుట్టవలెను.

వేయునప్పుడు మెడమీదికి ముందుగా వేసి, మూపు మీదుగా వెనుకకు జరుపవలెను. అట్లయిన రోమములు తమ తీరున పడును. ముందుకు లాగరాదు, రోమములు ఎదురు తిరిగి గుఱ్ఱమునకు చికాకు కలుగును. ఎక్కువ వెనుకకు పోయినచో తీసి మరల వేయుటయే మార్గము. మొదట రొమ్ము కట్టు, పిదప పొట్టపట్టీ కట్టవలెను. విప్పునప్పుడు పొట్టపట్టీ మొదట, రొమ్ము కట్టు కడపట. పొట్టపట్టీకిని ఒడలికిని నడుమ అఱచేయి దూరవలెను. మూపు ఎముకపైనను వెన్నుపైనను పట్టీ ఒత్తిడి పడరాదు; అవసరమైన వెన్నుకిరుప్రక్కల చిన్న ఉన్ని దిండ్లుంచి పట్టీ వెన్నునకు తగులకుండ చేయవలెను. మూపుపై తెల్ల రోమములు మొలచిన గుఱ్ఱములు పెక్కు కనబడుచున్నవి. అవి పుట్టుమచ్చలు కావు. జీనో, కప్పో కొఱికిన పాతగాయముల గుర్తులు.

వెచ్చగా నున్నదో లేదో తెలిసికొనుటకు చెవులు పట్టి చూచుట వాడుక. చెవులొక్కటే నమ్మదగినవి కావు. కంబళి క్రింద చేయి దూర్చి భుజమును, మోచేయి వెనుకను తాకవలెను. పొడిగా గోరువెచ్చగా నున్న సరి. చెమటయున్న కప్పు ఎక్కువ. చల్లగా నుండి రోమములు నిక్కిన కప్పు చాలలేదు. వణకుచు మేత మానిన గుఱ్ఱమునకు కప్పు వేసి ఊరకుండక ఉష్ణమాపకముతో చూడవలెను; 38.5 డిగ్రీలు దాటినచో పశువైద్యుని పిలువవలెను, కంబళి వైద్యము కాదు.

రాత్రింబవళ్ళు కప్పియుంచిన గుఱ్ఱము చిక్కుచున్నను యజమానికి తెలియదు. ఉదయము తప్పక తీసి, మాలీసు చేయించి, ప్రక్కటెముకలను చేతితో తడవి చూడవలెను. ఒక గుఱ్ఱపు కంబళి మఱియొక గుఱ్ఱమునకు వేయరాదు. తామర, గజ్జి ఇట్లే ప్రాకును. గ్లాండర్సు అను ప్రాణాంతక వ్యాధియు రోగపు గుఱ్ఱము వాడిన తొట్టి, పరికరములు, గుడ్డల మూలమున వ్యాపించును. అది మనుష్యులకును సోకును. 2009 నాటి చట్టము ప్రకారము ఆ వ్యాధిని అధికారులకు తెలుపుట యజమాని విధి. పెండ్లి దినములందు నాలుగు ఊళ్ళ గుఱ్ఱములు ఒక్కచోట చేరి ఒకరి కప్పులు మఱియొకరు తీసికొనుట చాల చోట్ల జరుగుచున్నది. కంబళి మూలను గుఱ్ఱపు పేరు ఎఱ్ఱనూలుతో కుట్టించుట అయిదు నిమిషముల పని.

ఎద్దులు గల రైతులకు ఒక మాట. ముసురులో దున్ని వచ్చిన జతను గాలి తగులని చోట కట్టి, గోనెతో తుడిచి, పాత గొంగడి కొంతసేపు కప్పి తీసివేయుట మేలు. పుష్యమాసమున పుట్టిన దూడను తల్లి నాకి ఆర్చిన పిదప మాత్రమే కప్పవలెను.

వాడిన గొంగడిని తడిగా మడచి పెట్టరాదు. నీడన గాలికి వ్రేలాడదీసి, ఎండిన పిమ్మట కఱ్ఱతో కొట్టి, బ్రష్షుతో రోమములు తీయవలెను. వేడినీట ఉదికినచో ఉన్ని ముడుచుకొని దట్టమై కుఱుచ యగును. చన్నీరు, కుంకుడుకాయ నురుగు చాలును. శివరాత్రి దాటిన పిదప ఉదికి, రెండు దినములు ఎండ తగిలించి, ఎండిన వేపాకు పొరలు పొరలుగా వేసి పెట్టెలో పెట్టవలెను. పురుగు తిను ఉన్ని చీకటిలో మడతల నడుమ నుండునది. కావున నెలకొకమారు తీసి దులుపవలెను. మృగశిర కార్తె రాకముందే పెట్టె తెఱచి చిరుగులు కుట్టించి, కట్లు తెగినవేమో చూచి, గొంగడిని కొట్టపు గోడమేకునకు, చేతికందు ఎత్తున, వ్రేలాడదీయవలెను. అర్ధరాత్రి తడిసి వచ్చిన గుఱ్ఱము ప్రక్కన నిలుచుండి పెట్టె తాళపుచెవి వెదకుట కుదరదు.